దరువు ప్రమాణము: యక్షగానమును సంగీత రూపకముగా పరిశీలించు విధానము

మన సాహిత్య చరిత్రలలో యక్షగానమునకు ఒక ప్రకరణము తప్పక ఉండును. అందు గ్రంథముల పేర్లు, కవుల కాలములు, అంకితముల వివరములు చెప్పిన పిమ్మట గుణదోష విచారణ వచ్చును. ఆ విచారణలో ఎత్తి చూపెడి దోషములు దాదాపు అన్ని చోట్ల ఒకటే. యతిప్రాసలు సడలినవి, చెప్పినదే మరల చెప్పబడినది, పాత్రలు తమను తామే వర్ణించుకొనుచున్నవి, భాష పలుచనైనది, కథ సాగవలసిన చోట పాట అడ్డుపడి నిలిచినది. ఈ పట్టికను వ్రాసిన పూర్వులను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. నా సిద్ధాంత వ్యాసమున నేనును ఇట్టి పట్టికనే వ్రాసితిని. ‘పునరుక్తి’ అను శీర్షిక క్రింద పుటలకొలది ఉదాహరణములు పేర్చితిని. తరువాత కొంతకాలమునకు నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లి చేరువనున్న ఒక పల్లెలో చూచిన ప్రదర్శన ఆ పట్టికను మరల తిరుగవేయునట్లు చేసినది. దానిని యథాస్థానమున వివరింతును. ఈ వ్యాసము ముఖ్యముగా నా పూర్వాభిప్రాయమును సవరించుకొనుటకు చేసిన ప్రయత్నము.

యక్షగానమును అభిమానించువారి మార్గము వేరు. వారిలో కొందరు దానిని పాశ్చాత్యుల ఒపెరాతో పోల్చి, ఇది మన ఒపెరా అని చెప్పి తృప్తిపడుదురు. ఈ పోలిక గౌరవ వాచకముగా నిలిచినదే కాని విమర్శ సాధనముగా పనిచేయలేదు. ఒపెరా యొక్క అంగములేవి, అవి నాటకములో ఏ పని చేయును, ఆ పనులు యక్షగానమున ఏ అంగములవలన నెరవేరుచున్నవి అను ప్రశ్నలు వేసికొననిదే పోలిక వలన ప్రయోజనము లేదు. ఒకరు పద్యకావ్యపు త్రాసుతో తూచి తక్కువ చేసిరి. మరియొకరు తూచకయే ఎక్కువ చేసిరి. రెండును విమర్శకు దూరములే.

యక్షగానమునకు ప్రాణమైన అంగము దరువు. కాగితముపై పద్యముతో పోల్చి చూచినచో అది తేలిపోవును. రాగతాళములతో, వంతతో, అడుగుతో రంగమున అది నెరవేర్చు పని ఏమి అని అడిగినపుడే దాని విలువ తెలియును. ఇదియే ఈ వ్యాసమున ప్రతిపాదింపబడు విషయము. ఈ ప్రమాణము పశ్చిమమునుండి తెచ్చుకొనవలసినది కాదనియు, మన నాట్యశాస్త్రముననే ఉన్నదనియు చివరకు తేలును.

ముందుగా సంగీతపు మూలాంగములను స్మరింపవలెను. శ్రుతి, స్వరము, రాగము, తాళము అనునవి మన సంగీతమునకు ఆధారములు. ఆధార శ్రుతి కదలక నిలిచియుండును. స్వరము దానితో తనకు గల సంబంధము చేతనే అర్థవంతమగును. రాగము స్వరముల పట్టిక మాత్రము కాదు. అది ఒక నడక, కొన్ని మలుపులు, కొన్ని నిలుకడలు గల మార్గము. తాళము కాలమును ఆవర్తములుగా విభజించును. ఆవర్తమను మాటలోనే తిరిగి వచ్చుట అను భావమున్నది. ఈ భావము తాళముతో ఆగిపోదు. కృతిలో అనుపల్లవి పాడినను, చరణము పాడినను గాయకుడు పల్లవికి తిరిగి రావలసినదే. వర్ణమున ఒక్కొక్క ఎత్తుగడ స్వరము ముగియగనే చరణము మరల వినవచ్చును. పదమునందును, జావళియందును, తిల్లానాయందును పల్లవియే ఇల్లు. తక్కినవన్నియు ఆ ఇంటినుండి బయలుదేరి మరల చేరుకొనెడి ప్రయాణములు.

పాశ్చాత్య సంగీతము స్వరూపమున మన సంగీతమునకు చాల భిన్నము. అందు అనేక స్వరములు ఏకకాలమున ధ్వనించు స్వరసమ్మేళనమునకు ప్రాధాన్యము. రాగభేదములకంటె ఆధారస్వరమును మార్చుకొనుచు పోవుట అక్కడి మార్గము. అయినను నిర్మాణ సూత్రము దగ్గరి చుట్టరికము గలదే. సొనాటా అను రూపమున మొదట ప్రధానమైన స్వరవాక్యములు ప్రతిపాదింపబడును. పిమ్మట అవి వేరు వేరు శ్రుతులలోనికి పోయి మార్పు చెందును. చివరకు మొదటి శ్రుతికి తిరిగి వచ్చును. రోండో అను రూపమున ఒకే వాక్యము నడుమ నడుమ మరల మరల వచ్చుచుండును. భిన్నములైన ఈ రెండు సంగీతములును రూపసిద్ధికి పునరాగమనముపైననే ఆధారపడినవి.

అలంకారశాస్త్రమున పునరుక్తి దోషము. సంగీతమున పునరాగమనము శరీరము. ఇది పైకి సామాన్యమైన మాటవలె కనిపించును గాని, గేయసాహిత్యమును విమర్శించునపుడు మనము తరచుగా మరచునది ఇదియే. రెండవసారి వచ్చిన పల్లవి మొదటిసారి వచ్చిన పల్లవి కాదు. అక్షరములు అవియే, స్వరములు అవియే. కాని వినువాడు నడుమ ఒక చరణమును దాటి వచ్చినాడు. దాటి వచ్చిన దూరము వలన పల్లవికి కొత్త అర్థమబ్బును. చదువువాని కంటికి ఈ దూరము కనిపించదు. అతనికి కనిపించునది చుక్క గుర్తు ప్రక్కన మరల అచ్చుపడిన పాదమొక్కటే.

ఇక ఒపెరా. క్రీస్తు శకము 16వ శతాబ్ది చివర ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున కొందరు పండితులును, కవులును, గాయకులును గ్రీకుల విషాద నాటకములు పూర్వము గానయుక్తములై ఉండెనని భావించి, అట్టి నాటకమును పునరుద్ధరింప దలచిరి. పెరి అనునతడు 1598 ప్రాంతమున ‘డాఫ్నె’ అను నాటకమునకు సంగీతము కూర్చెను. దాని సంగీతము చాల భాగము నశించినది. 1600లో ప్రదర్శింపబడిన ‘యురిడిచే’ మనకు పూర్తిగా దక్కినవానిలో మొదటిది. 1607లో మాంటువాలో ప్రదర్శింపబడిన మాంటెవెర్డీ ‘ఓర్ఫియో’తో ఈ ప్రక్రియకు ప్రౌఢి లభించినది.

ఒపెరా అంగములు స్థూలముగా ఐదు. వాద్యబృందముచేత మొదట వినిపింపబడు పూర్వరంగ సంగీతము ఒకటి. మాటకును పాటకును నడుమ నిలిచి, మాట నడకను అనుసరించి సాగెడి గేయ సంభాషణము రెండవది. దీనిని రెసిటటివ్ అందురు. పాత్ర తన హృదయమును వెల్లడించు సంపూర్ణ గేయము మూడవది. దీనికి ఏరియా అని పేరు. ఇద్దరు, ముగ్గురు లేక అంతకు మించిన పాత్రలు కలిసి పాడెడి సంకీర్ణగానము నాలుగవది. బృందగానము ఐదవది. వీనిలో రెసిటటివ్, ఏరియాల పని విభజనను గమనింపవలెను. రెసిటటివ్‌లో కథ నడచును. ఏరియాలో కథ ఆగి భావము విస్తరించును. 18వ శతాబ్ది పూర్వార్ధమున ప్రచారము పొందిన ఏరియాకు మూడు భాగములుండెడివి. మొదటి భాగము పాడి, రెండవ భాగము పాడి, మరల మొదటి భాగమును గాయకుడు తన గమకములతో అలంకరించి పాడవలెను. ఇదియు పునరాగమనమే.

చిక్కు ఇక్కడనే పుట్టినది. గాయకుని అలంకరణము పెరిగినకొలది నాటకము ఆగిపోయెను. గ్లుక్ అను సంగీతకర్త 1762లో వియన్నాలో ప్రదర్శింపబడిన ‘ఓర్ఫియో’తో ఈ ధోరణిని సరిదిద్ద ప్రయత్నించెను. 1769లో అచ్చయిన ‘అల్చెస్తె’ పీఠికలో సంగీతము కవితకును, కథా సన్నివేశములకును తోడ్పడవలెనే గాని గాయకుల ఆడంబరమునకై నాటకమును ఆపరాదని వాదించెను. 1786లో వెలువడిన మోజార్ట్ ‘ఫిగరో వివాహము’ మరియొక పరిష్కారము చూపినది. దాని రెండవ అంకపు చివరి ఘట్టము ఇద్దరి పాటతో మొదలై, ఒక్కొక్కరే వచ్చి చేరగా ఏడుగురి పాటతో ముగియును. అందు పాట ఆగదు, కథయు ఆగదు. కొత్త పాత్ర వచ్చినప్పుడెల్ల సంగీతము మలుపు తిరుగును; ఆ మలుపే కథలోని మలుపు.

కావున ఒపెరా విమర్శలో అసలు ప్రశ్న ఎంత భాగము పాట, ఎంత భాగము మాట అనునది కాదు. సంగీతపు కాలమును నాటకపు కాలమును ఎట్లు పొత్తు కుదిరినవి అనునదే ప్రశ్న. సంగీతము తిరిగి రావలెనని కోరును. నాటకము ముందుకు పోవలెనని కోరును. ఈ రెండు కోరికలను సమన్వయించిన విధానమును బట్టి ఒపెరా గుణదోషములు నిర్ణయింపబడును. ఈ ప్రశ్ననే యక్షగానమునకు వేయుదము.

యక్షగానమును గూర్చిన ప్రస్తావనలు పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’ నాటినుండి కలవు. శ్రీనాథుని ‘భీమేశ్వర పురాణము’నను దాని పేరు వినవచ్చును. లభించిన గ్రంథములలో ప్రాచీనముగా ఎన్నబడునది కందుకూరి రుద్రకవి ‘సుగ్రీవ విజయము’. రుద్రకవి గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) ఆదరమును పొందినవాడు. అనగా ఫ్లారెన్సు వారి ప్రయత్నమునకు ఇంచుమించు ఒక తరము ముందే తెలుగున గేయరూపకము గ్రంథస్థమైనది. ఇది గర్వపడుటకై చెప్పుట లేదు. ఈ రెండింటికి ఎట్టి సంబంధము లేదు. అక్కడ పండితులు నశించిన నాటకమును ఊహించి పునర్నిర్మింపబూనిరి. ఇక్కడ జనుల నోళ్లలో సజీవముగా ఉన్న పాటల వరుసలను కవి కథకు కూర్చెను. పుట్టుకలోని ఈ భేదము రూపమునందును నిలిచినది.

‘సుగ్రీవ విజయము’న ద్విపదలు, త్రిపుట, జంపె, ఏక, ఆట తాళములకు అనువైన రగడభేదములు, అర్ధచంద్రికలు, ధవళములు, ఏలలు కలవు. గేయభాగములకు తాళముల పేర్లే శీర్షికలగుట గమనింపదగినది. అప్పకవి 1656లో ఆరంభించిన లక్షణ గ్రంథమున యక్షగానమునకు లక్షణము చెప్పుచు, రగడలు ఈ తాళములకెట్లు ఒదుగునో చూపెను. లాక్షణికుడై, యతిప్రాసల విషయమున అంత పట్టుదల గల అప్పకవి సహితము యక్షగానమును తాళముల ద్వారముననే నిర్వచించెను. తరువాతి విమర్శకులు ఈ ద్వారమును మూసి, ఛందస్సు ద్వారమున ప్రవేశించిరి.

నార్కట్‌పల్లి వద్ద హైదరాబాదు–విజయవాడ రహదారినుండి చీలిన బాట మిర్యాలగూడ మీదుగా అద్దంకికి పోవును. అద్దంకిలో దొరకిన పండరంగని శాసనము, సుమారు 848 నాటిది, తరువోజ పద్యము గలది. తరువోజ పాదమన రెండు ద్విపద పాదముల కూడిక. తెలుగు పద్యము మనకు మొదట కనిపించునపుడే పాడుకొను దేశి ఛందస్సులో కనిపించుచున్నది. ఆ ద్విపదయే ఏడు శతాబ్దముల పిమ్మట రుద్రకవి రూపకమున కథను నడుపుచున్నది. ఈ పరంపరను దృష్టిలో ఉంచుకొన్నచో యక్షగానము పద్యకావ్యమునకు దిగజారిన రూపము కాదని, పద్యము కావ్యమై గ్రంథస్థము కాకపూర్వమున్న గానమార్గమునకు వారసురాలని తెలియును.

దక్షిణమున తంజావూరు నాయకరాజుల ఆస్థానమున యక్షగానము కొత్త శోభను పొందెను. విజయరాఘవ నాయకుడు (1633–1673) స్వయముగా యక్షగానములు వ్రాసెను. రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసము’ను రచించెను. మరాఠా ప్రభువైన శాహజీ (1684–1712) పల్లకి సేవా ప్రబంధములు కూర్చెను. ఈ రచనలలో రగడలకంటె దరువులకు ప్రాధాన్యము హెచ్చెను. మేలట్టూరు వెంకటరామశాస్త్రి భాగవతమేళ నాటకములును, త్యాగరాజస్వామి (1767–1847) గేయనాటకములును ఈ శాఖ ఫలములే. ఈ ఇరువురును ప్రహ్లాద కథను చేపట్టుట మన విచారణకు మేలైన నిదర్శనము. మేలట్టూరు నాటకమున హిరణ్యకశిపుని దర్పమును, నృసింహావిర్భావమును ప్రధాన ఘట్టములు. పాత్రల ప్రవేశములతోను, సంవాదములతోను కథ సంఘర్షణ దిశగా నడచును. త్యాగరాజస్వామి ‘ప్రహ్లాద భక్తి విజయము’ ఐదంకముల నాటకమయ్యును హిరణ్యకశిప వధకై పరుగెత్తదు. భక్తుని ఆర్తిని ఒక్కొక్క కీర్తనలో నిలిపి చూపును. అందలి కీర్తనలు నాటకమును విడిచి సభలలో ఒంటరిగా పాడబడుటయే అవి స్వయంపూర్ణములనుటకు సాక్ష్యము. ఒపెరా పరిభాషలో చెప్పవలెనన్నచో అవి ఏరియాలు. అదే కవి ‘నౌకా చరిత్రము’న, యమునలో నావకు చిల్లి పడిన పిమ్మట గోపికల గర్వము కరగి భయమును, భయము కరగి శరణాగతియు కలుగు క్రమమున, పాటలే కథను నడుపును. సంగీతజ్ఞానము ఇరుచోటుల సమానమే. కాలముల పొత్తు వేరు.

ఇప్పుడు అంగముల పోలికను స్పష్టముగా చెప్పవచ్చును. ద్విపదయు, సంధివచనమును కథను నడుపును. ఇవి కొంతవరకు రెసిటటివ్ స్థానమున నిలుచును. పూర్వరంగమున దేవతాస్తుతియు, మద్దెల మ్రోతయు సభను సిద్ధపరచును. వంతపాట బృందగానమునకు చుట్టము. దరువు ఏరియా వంటిదని చెప్పుటకు మాత్రము నేను సందేహింతును. ఏరియాలో కథ ఆగునని చెప్పితిమి. దరువులలో స్వగత దరువు అట్టిదే. కాని ప్రవేశ దరువు పాత్రను తెరవెనుకనుండి రంగమునకు తెచ్చును. సంవాద దరువు ఇద్దరి వాదమును నడుపును. ఏరియా ఒక పాత్ర సొత్తు. సంవాద దరువు వరుస ఎవరి సొత్తును కాదు. ఒకరు విడిచిన వరుసను మరియొకరు అందుకొందురు. పాశ్చాత్య సంకీర్ణగానమున పరస్పరము విరోధించు పాత్రలు వేరు వేరు స్వరమార్గములలో ఏకకాలమున పాడుదురు. యక్షగానమున విరోధులు ఒకే స్వరమార్గమున ఒకరి తరువాత ఒకరు పాడుదురు. స్వరసమ్మేళనము లేని సంగీతమునకు ఇది సహజమైన పరిష్కారము; ఇది లోపము కాదు, వేరొక శిల్పము.

నేను ముందు చెప్పిన ప్రదర్శన ఇందుకు నిదర్శనము. మాఘమాసమున చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుని జాతరకై జనులు వచ్చి పోవుచుండు రోజులు. నార్కట్‌పల్లి చేరువనున్న ఒక పల్లెలో చిందు భాగవతుల మేళము రాత్రి ‘సారంగధర’ ఆడినది. రెండు మద్దెలలు కావు, ఒకటే మద్దెల. ఒక హార్మోనియము, తాళములు, ఇద్దరు వంతగాండ్రు. అచ్చుప్రతిని చేత పట్టుకొని ముందు వరుసలో కూర్చుంటిని. పావురమును వెదకుకొనుచు వచ్చిన సారంగధరునితో చిత్రాంగి పాడెడి సంవాద దరువు మొదలైనది. ఆ దరువును పుస్తకమున చదువుటకు మూడు నిమిషములు పట్టును. రంగమున అది అరగంటకు దగ్గరగా సాగినది. కొంతసేపటికి నేను పుస్తకమును మూసివేసితిని; అందు వెదకినది రంగమున లేదు, రంగమున ఉన్నది అందు లేదు.

రంగమున జరిగినది ఇది. చిత్రాంగి పల్లవి పాడగనే వంతగాండ్రు దానిని సంపూర్ణముగా అందుకొనిరి; ఆ వ్యవధిలో ఆమె అడుగు వేసి రంగమును చుట్టి వచ్చెను. మొదటి చరణము తరువాత ఆమె పల్లవిలో సగము మాత్రమే పాడి, మాట పూర్తిచేయక, సారంగధరుని వైపు చూచుచు నిలిచెను. తక్కిన సగమును వంత పూరించెను. సారంగధరుడు అదే వరుసలో బదులు చెప్పుటకు మొదలిడినపుడు మద్దెల నడక మందగించెను. ఆకర్షించుటకు పుట్టిన వరుస నిరాకరణమును మోయవలసి వచ్చెను. ఆ పాట వింతగా బరువెక్కెను. ఆమె మరల పట్టుకొనెను, నడక రెట్టించెను. ఇట్లు పలుమారులు. చివర సారంగధరుని చరణము ముగియగనే వంతగాండ్రు పల్లవి ఎత్తుకొనలేదు. మద్దెల ఒక్కటియే కొంతసేపు మ్రోగి ఆగెను. జనము కదలలేదు. ఇక వాదము ముగిసినదని, జరుగవలసినది ఘోరమని ఏ పాత్రయు చెప్పలేదు. రావలసిన పల్లవి రాకపోవుటయే చెప్పెను.

నేను సిద్ధాంత వ్యాసమున పునరుక్తి దోషమునకు ఉదాహరణముగా ఎత్తిన దరువులలో ఇదియు ఒకటి. పల్లవి అన్నిమారులు రాకపోయినచో చివర అది రాకుండుటకు అర్థమే లేకపోవును. పునరాగమనము శ్రోతలో ఒక నిరీక్షణను పెంచును. నాటకము ఆ నిరీక్షణను భంగపరచి ముందుకు పోవును. సంగీతపు కాలమునకును, నాటకపు కాలమునకును పొత్తు కుదిరినది ఇక్కడ. ఆట ముగిసిన పిమ్మట వంతగాండ్రలో పెద్దవానిని, పల్లవిని విడిచిపెట్టవలెనని ఎవరు నేర్పినారని అడిగితిని. సారూ, బుక్కుల ఉన్నది సగమే, తక్కిన సగము మద్దెల కాడ ఉంటదని ఆయన బదులు చెప్పి నవ్వెను. నా సిద్ధాంత వ్యాసమున లేని మాట అది.

ఈ విధమున దరువును ప్రయోజనమును బట్టి చూచుట కొత్త మార్గము కాదు. నాట్యశాస్త్రమున భరతుడు నాటకములోని గానమునకు ధ్రువ అని పేరు పెట్టి, దానిని ఐదు విధములుగా విభజించెను. పాత్ర ప్రవేశించునపుడు పాడునది ప్రావేశికి. నిష్క్రమించునపుడు పాడునది నైష్క్రామికి. నడుచుచున్న రసమును, లయను హఠాత్తుగా మార్చునది ఆక్షేపికి. కలత చెందిన సభను ప్రసన్నము చేయునది ప్రాసాదికి. నడుమ ఏర్పడిన వెలితిని కప్పునది ఆంతర. ఈ విభజనకు ఆధారము రాగము కాదు, ఛందస్సు కాదు, కవితాగుణము కాదు; గానము నాటకమున చేయు పని. దరువు అను మాట ధ్రువ శబ్దభవమని పండితుల అభిప్రాయము. మాటతోపాటు ప్రమాణమును మనకు వారసత్వముగా వచ్చియుండగా, మాటను ఉంచుకొని ప్రమాణమును పోగొట్టుకొంటిమి. 1253–54 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ రచించి, ఎనిమిది అధ్యాయములలో నాలుగింటిని దేశికి కేటాయించెను. మార్గమును ఎరిగిన పండితుడు దేశిని దాని లక్షణముతోనే వివరింపవలెనని ఆ గ్రంథము బోధించుచున్నది.

ఈ ప్రమాణముతో తెలంగాణ యక్షగానములందు విరివిగా కనిపించు కందార్థమును చూడుడు. కందపద్యమొకటి, దాని భావమునే తిరిగి ఎత్తుకొను తాళబద్ధమైన గేయభాగమొకటి. చదువువానికి ఇది ఒకే మాటను రెండుసార్లు చెప్పుటగా తోచును. కాని పాడునపుడు కందము తాళపు కట్టు లేక, రాగము యొక్క ఛాయను పరచుచు సాగును; అర్థము మద్దెలతో మొదలై అడుగునకు ఎడమిచ్చును. మొదటిది మాటను వినిపించును, రెండవది దానిని ఆడించును. కథకును, ఆటకును నడుమ ఇది వంతెన. రెసిటటివ్ వెంట ఏరియా వచ్చుటతో పోల్చదగినది ఏదైన యక్షగానమున ఉన్నదన్నచో అది దరువు మాత్రమే కాదు, ఈ కందార్థపు జంట. చెర్విరాల బాగయ్య వంటి 20వ శతాబ్ది కవుల యక్షగానములు చవుక ప్రతులుగా పల్లెలకు చేరి ఆడబడుటకు ఇట్టి ఆటకు అనువైన నిర్మాణమే కారణము. వానిని మనము గ్రంథాలయమున చదివి వ్యాకరణ దోషములను లెక్కించితిమి.

ఇట్లనుటవలన యక్షగానములోని ప్రతి దోషమును గుణముగా మార్చుచున్నానని భావింపరాదు. ప్రమాణమన్నది రెండు వైపుల కోయవలెను. ప్రవేశ దరువు పాత్ర స్వభావమును తొలి అడుగుననే నిరూపింపవలెను. రాజు వచ్చినను, మంత్రి వచ్చినను, దూత వచ్చినను ఒకే వరుసలో ఆభరణముల పట్టిక చదివినచో ఆ దరువు ప్రావేశికి పని చేయలేదు; అది దోషమే. కోపముతో మొదలైన పల్లవి శోకచరణముల వెనుకను అదే నడకలో వచ్చుచుండినచో, వంత ఎంత బాగుగా పాడినను అది నాటకమును చెరచుచున్నది. ప్రచారములో ఉన్న సినిమా పాట మెట్టును తెచ్చి తగిలించినపుడు, ఆ మెట్టు తనతో తెచ్చుకొన్న వేరొక కథ ఈ కథకు అడ్డుతగులును. ఇవి నిజమైన దోషములు. పద్య ప్రమాణముతో చూచినచో వీనిలో కొన్ని కనిపింపనే కనిపింపవు. ఏలయన కాగితముపై అవి చక్కని పాటలే.

ఆధునిక పద్యనాటక రంగము ఈ విషయమున మనకు మరియొక పాఠము. తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయముల పద్యములు రంగమున పొందిన ఆదరము అందరికి తెలిసినదే. నటుడు పద్యము చివర రాగమును సాగదీయుట, ప్రేక్షకులు మరల పాడుమని కేకలు వేయుట, నటుడు మరల పాడుట అక్కడ పరిపాటి. శ్రీకృష్ణుని రాయబారము అంతవరకు వేచియుండవలెను. గ్లుక్ ఏ వ్యాధికి మందు వెదకెనో ఆ వ్యాధియే ఇది. ఇక్కడ పునరాగమనము నాటకపు అవసరమునుండి రాక గాయకుని గొంతునుండి వచ్చినది. పండితులచేత శ్లాఘింపబడిన పద్యనాటకమున సంగీతము కథను ఆపుచుండగా, పండితులచేత ఉపేక్షింపబడిన చిందు భాగవతమున సంగీతము కథను నడుపుట ఆలోచింపదగిన విషయము.

ఎస్.వి. జోగారావుగారి ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ 1961లో వెలువడి ఈ క్షేత్రమునకు పునాది వేసినది. గ్రంథములను వెదకి, వరుసపరచి, కాలనిర్ణయము చేసిన ఆ శ్రమ లేనిదే ఈనాటి ప్రశ్నలు వేయుటయు సాధ్యము కాదు. పునాది వేసినవారు గోడలను కూడ కట్టవలెనని కోరుట న్యాయము కాదు. ఆ పని తరువాతి వారిది. 2005లో మరణించిన చిందుల ఎల్లమ్మ ఆట ఎందరో చూచిరి. జనగామ ప్రాంతపు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించినది. కళాకారునికి గౌరవము లభించినది, సంతోషింపవలసినదే. కాని ఆ కళను విమర్శించు పద్ధతి మన శాఖలలో ఇంకను మారలేదు.

పరిశోధక విద్యార్థులకు నేను మనవి చేయునవి మూడు. యక్షగానమును సంపాదించి ముద్రించునపుడు పాఠాంతరములతోపాటు ప్రతి దరువునకును రాగతాళములు, వంత అందుకొను చోటు, విడుచు చోటు, మద్దెల నడక మారు చోటు గుర్తింపవలెను. ప్రదర్శనమును చూడకయే పునరుక్తి, విస్తరదోషము మొదలగు తీర్పులు వ్రాయరాదు. దరువులను రాగముల పట్టికగనో, ఛందస్సుల పట్టికగనో గాక, ఏది ప్రవేశపెట్టును, ఏది వాదించును, ఏది రసమును మార్చును, ఏది వెలితిని పూరించును అను క్రమమున వర్గీకరింపవలెను. ఈ మూడు పనులకును ఇంకను సజీవులై ఉన్న మేళపు గురువుల సహాయము అవసరము. వారిలో పెక్కురు వృద్ధులు. గ్రంథము మరియొక శతాబ్దము గ్రంథాలయమున నిలువగలదు. వంతగాని చేతిలోని సగము నిలువజాలదు.

నా పాత పట్టికలోని ఉదాహరణములను ఈ దృష్టితో మరల పరిశీలించుచున్నాను. కొన్ని దోషములుగనే మిగిలినవి. పెక్కింటిని ‘పునరుక్తి’ శీర్షికనుండి తీసివేయవలసి వచ్చినది. వానిని ఏ శీర్షిక క్రింద చేర్చవలెనో వాని ఆటను చూచిన పిమ్మటనే వ్రాయ దలచితిని.